సిమెంటు టేకు

బొబ్బిలి, 2 ఏప్రిల్ 1968, మంగళవారం

విజయనగరంలో రంగుల కొట్టు షావుకారు కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ డైరీ మూడు నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఇంట్లో మాట్లాడే మనిషి ఉన్నన్నాళ్లూ దీని అవసరం రాలేదు. ఇవాళ మొదలుపెడుతున్నాను.

పొద్దున్న పాసింజరులో బొబ్బిలి దిగాను. పని మీద వచ్చాను. రైసు మిల్లు నరసింగరావు గారు కొత్తగా కట్టిన మేడలో సిమెంటు దూలాలకీ, వరండా స్తంభాలకీ టేకు రంగు వెయ్యాలి. సిమెంటు మీద కర్ర పుట్టించగల పెయింటరు ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. విశాఖపట్నంలో ఇంకొకడున్నాడు గాని వాడు గీసేవి కర్ర చారలు కావు, పులి చారలు.

మా ఆవిడ ప్రసూన పుట్టిల్లు ఈ వీధికి రెండు వీధుల అవతల. ఆ సంగతి నాకు తెలియక కాదు. అయినా పని పనే.

3 ఏప్రిల్

మేడ బాగుంది. విశాఖపట్నం ఇంజనీరు గీసిన ప్లాను. వరండా గుండ్రంగా తిరిగింది. కిటికీల మీద సన్నటి సిమెంటు చూరు. గదికీ గదికీ మధ్య నేల అద్దంలా ఒకటే సమం. హాలు పైకప్పుకి అయిదు దూలాలు, అయిదూ కాంక్రీటే. తలుపుల్లో తప్ప ఎక్కడా పిడికెడు కర్ర లేదు. ఆ తలుపులు కూడా ప్లైవుడ్డు.

చిక్కల్లా నరసింగరావు గారి తల్లి లక్ష్మీనరసమ్మ గారితో వచ్చింది. ఆవిడకి డెబ్బై దాటాయి. రెండు కళ్లకీ పొర కమ్మింది. గొంతు మాత్రం మిల్లు చప్పుడులోనూ వినబడుతుంది. నేను నిచ్చెన దించుతుంటే ఆవిడ పక్కనున్న పాత పెంకుటింటి అరుగు మీద నుంచి ఎవరితోనో అంటోంది: "ఇనుం, ఇసక కలిపి నెత్తిమీద ఎట్టుకుని పడుకోమంటాడు మావోడు. నేను పడుకోను. కర్ర దూలం నేని ఇంట్లో అడుగెట్టను."

నరసింగరావు గారు నన్ను పక్కకి తీసుకెళ్లారు. "స్లాబు వేసేశాం, ఇప్పుడు ఇప్పుతామేటి? టేకు దూలాలే వేయించానని అమ్మకి సెప్పేశాను జగన్నాధం. ఆ మాట నువ్వు నిలబెట్టాలి."

ఆయన ఆడిన అబద్ధాన్ని నిలబెట్టాలి. ఇన్నేళ్లలో నా వృత్తిని ఇంత సూటిగా ఎవరూ వర్ణించలేదు.

గృహప్రవేశం మే తొమ్మిదిన.

4 ఏప్రిల్

భోజనం నారాయణమ్మ గారి పూటకూళ్ల ఇంట్లో. విస్తరి వేస్తూనే అడిగింది. "మీరు వీణల వేంకటాచలం గారి అల్లుడు కాదేటి?"

ఔనన్నాను.

"అత్తారిల్లు ఊళ్లో ఉండగా నా కాడికి వచ్చారేటి మరి?"

పని మీద వచ్చానన్నాను. ఆవిడ ఇంకో గరిటెడు పప్పు వేసింది, జాలిపడినట్టు. అత్తారింటికి మజ్జిగ పోసే మనిషే ఈ ఇంటికీ పోస్తుంది. అంటే ఈపాటికి అక్కడ తెలిసిపోయి ఉంటుంది. తెలిస్తే తెలియనీ.

8 ఏప్రిల్

మొదటి పూత పూర్తయింది. పసుపుపచ్చ మట్టిరంగు. దాని మీద ముదురు గోధుమ రంగు పల్చగా కలిపి పూసి, అది ఆరేలోగా చారలు దువ్వాలి. సైకిలు టైరు ముక్కని పళ్లు పళ్లుగా కోసి చేసుకున్న దువ్వెన నాది. సన్న చారలకి కోడి ఈక. ముడులకి బొటనవేలికి గుడ్డ చుట్టి ఒక్క తిప్పు. టేకు చారలు నిలువుగా పోతూ పోతూ ఒకచోట దీపం మంటలా మొన తేలతాయి. ఆ మొన కుదిరితే తక్కినదంతా కుదిరినట్టే.

తాపీమేస్త్రీ కొండబాబు కింద నిలబడి చూసి చూసి అన్నాడు. "నేను కష్టపడి సిమెంటు దూలం పోశాను. నువ్వొచ్చి అది సిమెంటు కాదంటన్నావు. నేనేటి పాపం సేశాను?"

చుట్ట ఇచ్చాను.

10 ఏప్రిల్

వీణలు చేసే వీధి మీదుగా మేడకి వెళ్లాను. అటు నుంచి దగ్గర.

(కాదు. రెండు ఫర్లాంగులు ఎక్కువ.)

13 ఏప్రిల్

ప్రసూన పుట్టింటికి వెళ్లి ఇవాళ్టికి అరవై మూడు రోజులు. ఉగాది పచ్చడి ఒక్కణ్ణే చేసుకున్నాను. బెల్లం మరిచిపోయాను.

చిన్న విషయం. ఒక పెట్టె గురించి. మా పెళ్లికి మావయ్య తన చేత్తో చేసిచ్చిన పనస కర్ర పెట్టె. దాని మీద నేను కొంచెం వార్నీషు వేశాను. అంత మాత్రానికి ఆడమనిషి రైలెక్కి వెళ్లిపోవాలా? వార్నీషు వెయ్యని ఇల్లుందా లోకంలో?

14 ఏప్రిల్

మూడో దూలం. బాగా వచ్చింది. చూసి మెచ్చుకునేవాళ్లు లేరు.

17 ఏప్రిల్

ఇవాళ ఇంజనీరు గారు జీపులో వచ్చారు. పల్చటి మనిషి, మంచివాడే. చాప చుట్టలా చుట్టిన రేకు ఒకటి తెచ్చి హాల్లో పరిచారు. రేకంటే ఇనుప రేకు కాదు, ప్లాస్టిక్ లాంటిది. దాని మీద టేకు చారలు అచ్చు వేసి ఉన్నాయి. భోజనాల బల్లకి అంటిస్తారట. నీళ్లు పడినా చెదరదు, వేడి గిన్నె పెట్టినా మచ్చ పడదు.

"ఇంకో పదేళ్లలో అన్నీ ఇవే జగన్నాధం గారూ. గోడలకీ తలుపులకీ ఇవే," అన్నారు ఆయన, నన్ను ఓదారుస్తున్నట్టు.

నేను వంగి చూశాను. ప్రతి రెండు అడుగులకీ అదే ముడి. మళ్లీ అదే. మళ్లీ అదే. చెట్టన్నది పెరిగేటప్పుడు ఏ రెండు ముడులైనా ఒకలా వేస్తుందా? ఒళ్లు మండిపోయింది. ఇది దొంగ కర్ర, మోసం, కర్ర అంటే ఏమిటో తెలియనివాడు చేసిన పని అని గట్టిగానే అనేశాను.

ఇంజనీరు గారు మర్యాదస్తుడు. పైన ఆరుతున్న దూలాల వైపు ఒకసారి చూసి, రేకు చుట్టేశారు.

కొండబాబు మాత్రం గోడ వైపు తిరిగి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

18 ఏప్రిల్

ఆ దగ్గు ఇంకా చెవుల్లో ఉంది. నేను ఆ రేకుని అన్న మాటలన్నీ, ఇంచుమించు అవే మాటలు, పెళ్లైన కొత్తలో మావయ్య నన్ను అన్నారు. అప్పుడు ఆయనకి కళాదృష్టి లేదనుకున్నాను.

20 ఏప్రిల్

సరే, రాస్తాను. ఎలాగూ చదివేది నేనే.

అది వార్నీషు కాదు. ఫిబ్రవరిలో పని లేక ఖాళీగా ఉన్నాను. కొత్తగా నల్లచేవ కర్ర చారలు గీయడం నేర్చుకుందామని బుద్ధి పుట్టింది. చెయ్యి సాధన చెయ్యడానికి చదునైన చెక్క కావాలి. ఇంట్లో చదునైన చెక్క ఆ పెట్టె ఒక్కటే. ప్రసూన వాళ్ల పిన్నిగారింటికి వెళ్లింది. నిజం పనస కర్ర, ఆ మనిషి నెల రోజులు చిత్రిక పట్టిన కర్ర, దాని మీద నేను మట్టిరంగు పూసి, దాని మీద దొంగ నల్లచేవ గీశాను. చాలా బాగా వచ్చింది. ఆ సంగతి కూడా రాయాలి.

ప్రసూన వచ్చి చూసింది. ఇదేమిటని అడిగింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "ఏమీ లేదు, వార్నీషే. లోపల ఉన్న చారలు పైకి తేలాయి," అన్నాను.

వీణలు చేసేవాడి కూతురితో. నడక రాకముందే చిత్రిక పొట్టులో ఆడుకున్న మనిషితో.

ఆవిడ మర్నాడు పెట్టెని బండిలో పెట్టించుకుని స్టేషనుకి వెళ్లిపోయింది.

22 ఏప్రిల్

కొంప మునిగింది.

లక్ష్మీనరసమ్మ గారు ఇవాళ మేడ ముందు పందిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని, కొడుకుని పిలిచి ఇలా అన్నారు: "నాకా కళ్లు కనపడవు. టేకని నువ్వంటావు. నువ్వు సిన్నప్పుడు బడికెల్లాననీ అనీవోడివి. వీణల వేంకటాచలం వచ్చి సూసి, ఇది టేకే అని ఒక్క మాట సెప్తే నేను గృహప్రవేశానికి ముందు నడుస్తాను. కర్ర ఇషయంలో ఆ మడిసి అబద్ధం ఆడడు."

ఈ ఊళ్లో ఎవరింట్లో కర్ర గురించి తగువొచ్చినా మావయ్యని పిలుస్తారు. ఆయన వాసన చూసి, ఇది ఫలానా చెట్టు, ఇన్నేళ్లు ఎండింది అని చెబితే ఇక దాని మీద మాట లేదు.

నరసింగరావు గారు నా దగ్గరికి వచ్చారు. "మీ మావగారే గదా. అల్లుడి పని నిలబడాలని ఆయనకి మాత్రం ఉండదేటి?"

ఆయన నాతో రెండు నెలలుగా మాట్లాడటం లేదని చెప్పాను. "అయితే నేనే ఎల్తాను," అని కండువా సర్దుకుని వెళ్లారు.

24 ఏప్రిల్

నారాయణమ్మ గారి వార్త: నరసింగరావు గారు వెళ్లి, "ఒక్క మాట, టేకే అనండి, సాలు. లేపోతే మాయమ్మ రాదు. మీ అల్లుడికి ఈ ఊళ్లో పరువుండదు," అన్నారట. మావయ్య ఔననలేదు, కాదనలేదు. ఆదివారం వస్తానన్నారట.

"రెండ్రోజులుగా ఆయన సరిగా తినడం నేదట," అంది ఆవిడ, నాకు వడ్డిస్తూ.

నేనూ సరిగా తినలేదు.

27 ఏప్రిల్

అయిదో దూలానికి ఇంకో చెయ్యి వేశాను. ఎవరూ పట్టుకోలేరు. ఆయన కూడా పట్టుకోలేకపోవచ్చు. అలా జరిగితే ఎంత బాగుండును. ఆయన నిజంగానే మోసపోతే ఆయన చెప్పేది అబద్ధం కాదు, నేను చెప్పేది ఏమీ ఉండదు. అందరూ సుఖంగా ఉంటారు.

28 ఏప్రిల్, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఎనిమిదింటికి మావయ్య వచ్చారు. ఉతికిన పంచె, కళ్లజోడు. లక్ష్మీనరసమ్మ గారు హాలు గుమ్మానికి ఇవతల, వరండాకి కూడా ఇవతల, కింద పందిట్లో కూర్చున్నారు. పక్కన నరసింగరావు గారు. కొండబాబు ఇసక జల్లెడ పడుతున్నట్టు నటిస్తున్నాడు. నేను నిచ్చెన పక్కన నిలబడ్డాను.

మావయ్య హాల్లోకి వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుని పైకి చూశారు. ఒక్కొక్క దూలం కిందా ఆగుతూ చూశారు. మూడో దూలం కింద ఎక్కువసేపు ఆగారు. బయటికి వచ్చి వరండా స్తంభం మీద అరచెయ్యి ఆనించారు. ఆనించి, తియ్యలేదు. కర్ర చేతికి చల్లగా తగలదు. సిమెంటు, నీడలో ఉన్నది, ఎంత ఎండాకాలమైనా చల్లగానే ఉంటుంది. రంగు వేసి చారలు మార్చగలను గాని చల్లదనం మార్చలేను. ఆయనకి తెలిసిపోయింది. అసలు హాల్లో అడుగు పెట్టినప్పుడే తెలిసిపోయి ఉంటుంది.

"ఏటి వేంకటాచలం," అన్నారు లక్ష్మీనరసమ్మ గారు. "టేకేనా?"

మావయ్య స్తంభం మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూశారు. రెండు నెలల్లో ఆయన నన్ను చూడటం అదే మొదలు. కోపంగా చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది. తరువాత నేల చూశారు. గొంతు సవరించుకున్నారు. పెదవులు కదిలాయి. ఆయన నోట్లో ఏ మాట కూడుకుంటోందో నాకు అర్థమైంది. అరవై ఏళ్లలో ఆ మనిషి కర్ర గురించి ఆడబోయే మొదటి అబద్ధం అది, అది నా కోసం.

"కాదమ్మా," అన్నాను. నా గొంతే అని తెలియడానికి నాకే ఒక క్షణం పట్టింది. "సిమెంటే. అన్నీ సిమెంటే. పైన నేను రంగు గీశాను. మావయ్య గారికి దీంతో ఏ సంబంధం లేదు."

కొండబాబు జల్లెడ ఆగిపోయింది.

"ఎవుడివిరా నువ్వు?" అన్నారు ఆవిడ, నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి.

"రంగులు వేసేవాణ్ణమ్మా. జగన్నాధం."

"బయటోడివి, నువ్వు సెప్పావు. కడుపున పుట్టినోడు సెప్పనేదు." ఆవిడ కర్ర పుచ్చుకుని లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పెంకుటింట్లోకి వెళ్లిపోయారు.

నరసింగరావు గారు నన్ను తిట్టలేదు. "నీ పని అయిపోయింది. ఎల్లు," అన్నారు. అంతే.

మావయ్య వెళ్తూ వెళ్తూ, జారేటట్టు ఉన్న నా నిచ్చెనని గోడకి సరిగా ఆనించి వెళ్లారు.

29 ఏప్రిల్

డబ్బాలు, కుంచెలు సర్దుకుని మధ్యాహ్నం బండికి వెళ్లిపోదామని బయలుదేరుతుండగా కొండబాబు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పెద్దమ్మ నిన్ను రమ్మంటన్నాది. మేడలో ఉన్నాది."

మేడలోనా అన్నాను. మేడలోనే అన్నాడు, తానూ నమ్మలేనట్టు.

లక్ష్మీనరసమ్మ గారు హాలు మధ్యలో చాప వేసుకుని, వెల్లకిలా పడుకుని, పైకి చూస్తున్నారు. నరసింగరావు గారు ఒక మూల దోషిలా నిలబడి ఉన్నారు.

"వచ్చావేటి రంగులోడా. పొద్దున్నే వచ్చి పడుకున్నాను, నెత్తిమీద పడతాదో పడదో సూద్దామని. రెండు గంటలైనాది. పడనేదు."

"పడదమ్మా," అన్నాడు కొండబాబు. జన్మలో మొదటిసారి తన దూలం గురించి ఒకరు మాట్లాడారు.

"కూకో," అన్నారు ఆవిడ నాతో. "మసకమసగ్గా టేకులాగే ఉన్నాది. ఏ దూలానికి ఏటి గీశావో సెప్పు."

కూర్చుని చెప్పాను. మొదటి దాని మీద చారలు దగ్గర దగ్గరగా ఉన్నాయని, కొండ మీద నెమ్మదిగా పెరిగిన చెట్టు అలా ఉంటుందని. రెండో దాని మీద కొమ్మ విరిగిన చోట రెండు ముడులు. మూడో దాని మీద దీపం మంటల్లాంటి మొనలు, వరసగా ఏడు. ఆవిడ ఊఁ కొడుతూ విన్నారు, చిన్నపిల్ల కథ విన్నట్టు. నా పనిని ఇలా మొదటి నుంచి చివరి దాకా అడిగి విన్నవాళ్లు ఇంతవరకూ లేరు. గీసినప్పటికంటే చెబుతున్నప్పుడే బాగున్నట్టు అనిపించింది.

"ఉండనీ," అన్నారు చివరికి. "బాగున్నాది. మిగిలింది కూడా గీసెయ్యి. కానీ ఎవులడిగినా సిమెంటే అని సెప్పాలి. ఒరే నరసింగా, నీకే సెప్తన్నాను."

"అలాగేనమ్మా," అన్నారు మూల నుంచి.

"ఇంకోటి. నేను లోపలికి వచ్చేటప్పుడు కాలికి గడప తగల్నేదు. గడప ఏదిరా?"

ఇంజనీరు గారి ప్లానులో గడపలు లేవు. నేలంతా ఒకటే సమంగా ఉండటమే ఆ ప్లాను గొప్ప. నరసింగరావు గారు అదే వివరించబోయారు.

"గుడ్డిదాన్ని. కాలికి గడప తగిల్తేనే గదా ఇంట్లోకొచ్చానని తెలుస్తాది. లేపోతే వీధో ఇల్లో నాకెలా తెలుస్తాది?" నా వైపు తిరిగారు. "గీస్తావేటి దాన్ని కూడా?"

"గీయలేనమ్మా," అన్నాను.

"అయితే వేంకటాచలాన్ని రమ్మను. ఆ ఒక్కటీ నిజం టేకుతో ఎయ్యమను."

1 మే

సాలూరు నుంచి లారీలో టేకు దుంగ వచ్చింది. దింపుతుంటే వీధి వీధంతా వాసన. నా జీవితంలో ఇన్ని దూలాలు గీశాను, ఒక్క దూలానికీ వాసన గీయలేకపోయాను.

2 మే

మావయ్య వరండాలో పని మొదలుపెట్టారు. నేను పక్కనే స్తంభాలకి చివరి పూత వేస్తున్నాను. ఇద్దరి మధ్యా నాలుగు గజాలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. కొండబాబు గుమ్మం దగ్గర నేల తవ్వుతూ, "సుత్తి సప్పుడు ఆపితే ఈ మౌనానికి సెవులు పోతన్నాయి," అన్నాడు.

3 మే

ఇవాళా లేదు.

4 మే

ఇవాళ మాట్లాడారు. గడప కర్రకి చిత్రిక పడుతుంటే కర్ర పక్కకి జరిగిపోతోంది. ఆయన తల ఎత్తకుండానే అన్నారు: "ఆ సివర పట్టుకో."

కుంచె కింద పెట్టి వెళ్లి పట్టుకున్నాను. చిత్రిక ఒక్కో గుంజుకీ పల్చటి పొట్టు లేచి నా చేతుల మీద పడింది. పనంతా అయ్యేదాకా పట్టుకునే ఉన్నాను. స్తంభం మీద పూత ఆరిపోయి చార పాడైంది. మళ్లీ వేసుకోవాలి. వేసుకుంటాను.

వెళ్లేటప్పుడు ఇంకో మాట అన్నారు. "మూడో దూలం సూశాను. మొనలు బాగా వచ్చాయి." ఆగి, "దీని మీద మాత్రం సెయ్యి ఎయ్యకు," అన్నారు, గడప చూపించి.

9 మే, గృహప్రవేశం

లక్ష్మీనరసమ్మ గారు ముందు నడిచారు. గడప దగ్గర ఆగి, కుడికాలి బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమి, "ఆఁ," అని లోపలికి వెళ్లారు. పసుపు రాసిన గడప ఎండలో ధగధగలాడింది. వెనకే అందరం.

తరువాత జరిగింది రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. వచ్చిన ప్రతివాళ్లనీ ఆవిడ ఆపి, "పైకి సూడండి. అదంతా సిమెంటు. ఈ రంగులోడు గీశాడు," అని చెప్పడం. వాళ్లు పైకి చూసి, నవ్వి, "పెద్దమ్మ గారికి ఎప్పుడూ హాస్యమే," అనడం. మిల్లు గుమాస్తా అయితే, ఇంత టేకు ఎక్కణ్ణుంచి తెచ్చారో జనానికి తెలియకూడదని అలా చెబుతున్నారని నా చెవిలో ఊదాడు. ఒక ప్లీడరు గారు అది నిఖార్సైన టేకేనని వాదించి, ఆవిడకి కళ్లు కనపడవని గుర్తు చేశారు. నరసింగరావు గారు, "కాదండీ, నిజంగా సిమెంటే, అమ్మతోడు," అని మొత్తుకున్నారు. అబద్ధం చెప్పినప్పుడు కన్నతల్లి ఒక్కరే నమ్మలేదు, ఇప్పుడు నిజం చెబితే ఊరంతా నమ్మడం లేదు. ఆయన మొహం చూడాల్సిందే.

పదకొండింటికి మావయ్యతో ప్రసూన వచ్చింది.

ఎనభై తొమ్మిది రోజుల తరువాత చూడటం. ఆకుపచ్చ నేత చీర. నేను ఏదో చూసుకుంటున్నట్టు తలుపు బందులు చూసుకున్నాను. ఆవిడ హాలు మధ్యకి వెళ్లి తల ఎత్తి దూలాలన్నీ చూసింది, వాళ్ల నాన్న చూసినట్టే, చేతులు వెనక్కి కట్టుకుని. తరువాత నా దగ్గరికి వచ్చింది.

"రెండో దూలం మీద ముడి ఉన్నాది సూశారా, కుడి చివర?"

"ఊఁ."

"అయిదో దూలం మీద కూడా అదే ముడి. గీత గీతకీ అదే."

పైకి చూశాను. నిజమే. ఇరవై ఏడో తారీఖు కంగారులో గీసింది. చెయ్యి దానంతటది తెలిసిన ముడే వేసేసింది. ఇన్ని కళ్లు చూశాయి, ఒక్కరూ పట్టలేదు.

"ఔను," అన్నాను. "తప్పే."

ఆవిడ నా మొహంలోకి చూసింది, ఇంకేమైనా చెబుతానేమో అని. వెళ్లి ఆడవాళ్ల పంక్తిలో కూర్చుంది. భోజనాలయ్యేదాకా ఇటు చూడలేదు. ఒకసారి చూసింది.

10 మే

పొద్దున్న గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, వీణలు చేసే వీధికి వెళ్లాను. ఇవాళ దగ్గర దారినే వెళ్లాను.

మావయ్య నన్ను చూసి లేచి, పని లేకపోయినా పెరట్లోకి వెళ్లారు. ప్రసూన గుమ్మంలో నిలబడింది. కూర్చోమనలేదు.

"అది వార్నీషు కాదు ప్రసూనా," అన్నాను. "రంగు. సాధన కోసం గీశాను. నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు."

"పెట్టె మీద గీశారని కోపం నాన్నకి," అంది. "నాకు దాని మీద కాదు. నా మొహం మీదే సెప్పారు, చారలు పైకి తేలాయని. నేనెవరి కూతుర్నో కూడా మీకు గుర్తు నేదేటి అనిపించింది."

గుర్తుంది, అయినా చెప్పాను అన్నాను. అది ఇంకా అధ్వాన్నంగా వినిపించింది. ఆవిడ పెదవి మూల కొంచెం కదిలింది.

"ఆ ఆదివారం నాన్న అబద్ధం ఆడడానికే వచ్చారు. తెలుసా? ముందు రోజంతా పెరట్లో తిరుగుతూ, టేకే, టేకే, అని అనుకుంటూనే ఉన్నారు. నాలుక తిరగడం నేదు. నన్నడిగితే నీ ఇష్టం నాన్నా అన్నాను. మజ్జిగావిడ వచ్చి మీరు సెప్పేశారని సెప్పేదాకా నేను పొయ్యి ముట్టించనేదు."

పెరట్లో మావయ్య దేన్నో అకారణంగా గట్టిగా కొడుతున్నారు, మా మాటలు తనకి వినపడటం లేదని మాకు తెలిసేటట్టు.

"ఇంటికి రా," అన్నాను. "పని మీద రాలేదు నేను. నీకోసం వచ్చాను. మొదటి నుంచీ."

"అదీ తెలుసు. నారాయణమ్మ పిన్ని మొదటి రోజే సెప్పింది." చెంగు సవరించుకుంది. "ఆదివారం బండికి. పెట్టె మాత్రం ఇక్కడే ఉంటాది. నాన్న పదిహేను రోజులు గీకి ఆ రంగు వదలగొట్టారు."

సరేనన్నాను. పదిహేను రోజులా అని మనసులో ఒక్క క్షణం గర్వపడ్డాను. రాసుకుంటే తప్పేముంది.

12 మే, ఆదివారం, విజయనగరం

సాయంత్రం ఇల్లు చేరాం. ఆవిడ వంటింట్లో డబ్బాలు మూతలు తీసి చూస్తూ నిట్టూరుస్తోంది. ఈలోగా ఇది రాసేస్తాను.

పాసింజరు నిండా జనం. మాకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా వంకాయల గంపతో ఒక ముసలామె. గజపతినగరం దాటాక ప్రసూన మేము కూర్చున్న బల్లని వేలితో తట్టి అడిగింది. "ఇది ఏ కర్రో సెప్పండి."

బల్లకి దళసరిగా ఆకుపచ్చ రంగు వేసి ఉంది. ఎన్ని పూతలో. ఇదివరకైతే వెంటనే ఏదో ఒక చెట్టు పేరు చెప్పి, దాని చార ఎలా ఉంటుందో గాలిలో గీసి చూపించేవాణ్ణి. చూశాను. అంచు తడిమి చూశాను.

"తెలీదు," అన్నాను.

ఆవిడ కొప్పులోంచి పిన్ను తీసి, బల్ల అంచున రంగు పెచ్చు ఊడిన చోట కొంచెం గీకింది. పిన్ను మొన వాసన చూసింది. మళ్లీ గీకింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"నాకూ తెలీడం నేదు," అంది, ఆశ్చర్యపోయి. "మీరు సూడండి."

ఇద్దరం తలలు వంచి బల్ల వాసన చూశాం. నూనె, బొగ్గు, ఎవరిదో పులిహోర. తలకి తల తగిలింది. నవ్వొచ్చింది, ముందు ఆవిడకి.

ఎదుటి ముసలామె గంప జరుపుకుని, మా కాళ్ల కిందికి వంగి వెతకడం మొదలుపెట్టింది. "ఏటి పోయిందమ్మా?"

"ఏం పోనేదు," అంది ప్రసూన.